కట్టమీది కదురు

మోకు పేనుటకు ముగ్గురు కావలెను. పశువును గుంజకు కట్టు తలుగును ఇంటి పంచలో కూర్చుండి తొడమీద నులిమి ఒక్కడే పేనుకొనవచ్చును గాని, కపిలబావికి కట్టవలసిన మోకు, అనగా ఎద్దులు వాలుదారిని దిగుచుండగా నీటితో నిండిన తోలుసంచిని బావి అడుగునుండి పైకి లాగుకొనివచ్చు తాడు, ఒక్కని చేతికి లొంగునది కాదు. పురుల కొసలను ఇరువైపుల ఇద్దరు పట్టుకొని ఎదురెదురు దిక్కులకు మెలిత్రిప్పుచుండగా, మూడవవాడు నడుమ నిలిచి, పురులు ఒకదానితో నొకటి చిక్కుపడకుండ వ్రేళ్లతో వేరుపరచుచు, మెలిక బిగిసినకొలది వెనుకకు జరుగుచుండవలెను. ఈ నడుమవాని పని బలముతో కూడినది కాదు, ఓపికతో కూడినది. అందుచేత ఆ స్థానము ఎల్లప్పుడును ఊరిలో మిక్కిలి వయసుమీరినవానికే దక్కుచుండెను. మోకంత పొడవు నీడ దొరకు చోటు గ్రామమునకు ఒకటియో రెండో యుండును. ఆ నీడక్రిందనే ఊరి వృద్ధులందరును చేరుచుండిరి.

ఆ చోటికి అనంతపురపు మెట్టసీమలో కట్ట అని పేరు. వేపయో, రావియో, ఆ రెండును పెనవేసికొన్న జంటయో నడుమ నుండగా, చుట్టును నల్లరాతి బండలు పేర్చి మన్ను నింపిన ఎత్తరుగు అది. కన్నడదేశపు సరిహద్దు దాటినచో అదియే అరళికట్టె యగును. రచ్చ అను మాట సంస్కృతపు రథ్యా శబ్దమునుండి పుట్టినదని, రథ్య యనగా వీధి యని పెద్దలందురు. కావున రచ్చకట్ట యనగా పదిమంది కంటబడు చోటని యర్థము. ఈ బండలమీద పులిజూదపు గీతలు చెక్కియుండని గ్రామము నాకు ఈ సీమలో కనబడలేదు. ఆ గీతలను చూచి, ఇది సోమరుల తావు, ముసలివారు ఊరకుండి పొద్దుపుచ్చిన చోటు అని తలచుట నేటి చదువరులకు పరిపాటి యైనది. ఈ వ్యాసమంతయు ఆ తలంపును కొంత సవరించుటకే.

ఈ భూమికి ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘములు పడమటి కనుమల కావలనే తమ బరువు దింపుకొని వచ్చును. ఈశాన్యపు తుపానులు తూర్పుతీరమును దాటి ఇంతదూరము చేరునప్పటికి అలసిపోవును. రెండు ఋతుపవనములకును కడపటి అతిథియైన ఈ పీఠభూమిలో సేద్యపు పనిదినములు బహుస్వల్పములు. పదునుపడిన నాలుగు దినములలో విత్తవలెను, మరల తడి దొరికినప్పుడు గుంటక తోలవలెను, పైరు నిలిచినచో కోయవలెను. తక్కిన మాసములన్నియు ఎదురుచూపు. డెల్టా రైతునకు కాలువ పని కల్పించును. ఇచ్చటి రైతునకు ఆకాశము పని లేకుండ జేయును. ఆ విరామమును చేతిపని నింపినది. కాడికి పట్టెడలు, ఎద్దుకు పగ్గములు, దూడకు పలుపు, కళ్లములో మేయకుండ మూతికి చిక్కము, వంటయింట ఉట్టి, గడ్డిమోపునకు మోకు, ఇట్లు పది ఎద్దులున్న వీధికి ఏడాదికి కావలసిన త్రాళ్ల లెక్క వేసినచో, వానిని పేనువారు సోమరులుగా నుండుటకు వీలులేదని తేలును.

నారయు ఈ భూమికి తగినదే. గట్లవెంట, దారులవెంట కంచెగా పెరుగు కిత్తలికి నీరు పోయనక్కరలేదు, మేకయు ముట్టదు. దాని ఈటెలవంటి ఆకులను కోసి, ఊరవేసి, చితుకగొట్టి కడిగినచో తెల్లని నార వచ్చును. ఊరవేయుటకు మాత్రము నీరు కావలెను గనుక, చెరువున నాలుగు అడుగుల నీరు నిలిచిన ఏడు త్రాళ్ల ఏడు. చెరువు బీటలువారిన ఏడు పాతత్రాళ్లను విప్పి మరల పేనిన ఏడు. వృద్ధులు గడచిన సంవత్సరములను జ్ఞాపకముంచుకొన్న తీరులలో ఇదియు నొకటి.

పదవీవిరమణ మను మాట కచేరీలది. నిర్ణీతమైన ఒక తేదినాడు పూలమాల వేసి పంపివైచుట ఈ మెట్టసీమ సేద్యగానికి తెలియదు. అతనికి తెలిసినది పనిముట్టు మారుట. నడుము గట్టిగానున్నంతకాలము మేడి పట్టును. నడుము వంగినపిదప మేడి కొడుకున కిచ్చి పశువులవెంట పోవును. కాళ్లు సడలినపిదప పశువులను మనుమని కప్పగించి కట్టమీద కూర్చుండి నార పట్టును. చూపు మందగించిన తరువాత సయితము, త్రాడు చూడవలసినది కన్ను కాదు వ్రేలు గనుక, పని ఆగదు. నాగలినుండి పగ్గమునకు, పగ్గమునుండి కదురునకు దిగివచ్చు ఈ సోపానములో ప్రతిమెట్టునను చేతిలో ఏదో ఒకటి యుండెడిది. కడపటి మెట్టున గూడ ఆ చేతిపనికి కనిపెట్టుకొనియుండువాడు ఒకడుండెడివాడు. నా దృష్టిలో ముఖ్యమైనది ఈ రెండవ మాటయే. కాలక్షేపమునకు పేనిన తాడునకును, రేపు కపిల కట్టవలసిన పొరుగువాడు మాటిమాటికి వచ్చి చూచిపోవు తాడునకును భేదమున్నది.

కట్ట తరువాత వృద్ధులకు ఆశ్రయమైనది కొలిమి. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి దత్తము చేసిన పిమ్మట ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పాలించిన థామస్ మన్రో నాటికి, అంతకు ఎంతో పూర్వమునుండియు, ఇచ్చటి గ్రామములను ఆయగాండ్రు నడుపుచుండిరి. పన్నిద్దరు ఆయగాండ్రలో కమ్మరియు వడ్రంగియు ఇద్దరు. వీరికి రొక్కపు కూలి లేదు. కళ్లములో రాశి పడినప్పుడు కొలిచి యిచ్చు మేరయే వీరి జీతము. రోహిణికార్తె ప్రవేశించగనే కొలిమి రాజుకొనెడిది. కర్రులు సాగగొట్టించుకొనువారు, గుంటకపాసలకు పదును పెట్టించుకొనువారు, విత్తనపు గొర్రుకు జడ్డిగము సరిచేయించుకొనువారు తమ తమ వంతులకై వేచియుండగా, తిత్తి ఊదు పని ఎవరో ఒక తాతదే. గొర్రుపళ్లనడుమ ఎడము ఎంత యుండవలెనో, ఏ చేనికి ఎంత లోతు దిగవలెనో కమ్మరికి చెప్పువాడును అతడే. చెప్పినమాట తప్పినచో మొలక చెప్పును గనుక, ఆ సలహాకు లెక్క యుండెను. నేటి వృద్ధుని సలహాకు ఆ లెక్క లేకపోవుటకు కారణము కుర్రవాండ్ర అవినయ మని చెప్పుట సులభము. కొలిమి చల్లారుట యని చెప్పుట సత్యమునకు దగ్గర.

ఇక కంబళి. కల్యాణదుర్గము, కుందుర్పి ప్రాంతములలో కురుబలు దక్కనీ గొర్రెల నల్లని ముతకయున్నితో నేసిన కంబళ్లకు ఈ సీమలో అందరును ఋణపడియున్నారు. వానలో అది గొడుగు, చలిలో పరుపు, సంతలో గోనె, పెండ్లిలో పీట. రంగు వేయనక్కరలేదు, గొర్రె నలుపే కంబళి నలుపు. ఏడాదికి రెండుమారులు కత్తిరించిన ఉన్నిని వింటినారితో ఏకి, వడికి, పడుగు పరచి, చింతగింజలను నానబెట్టి నూరి కాచిన గంజిని కుంచెతో పట్టించి, ఆరబెట్టి, పిమ్మట నేయుదురు. ఆ గంజి వలననే కంబళికి ఆ బిరుసును, వానచుక్క జారిపోవు గుణమును కలిగినవి. వడకుటలో పెద్దపాలు స్త్రీలదే యని ఒప్పుకొనవలెను, రాట్నము వారిది. మగవానిది చేతికదురు. మందవెంట నడచుచు నడచుచునే కదురు వ్రేలాడదీసి వడుకు కురుబ ఈ దారులలో నిత్యదర్శనీయుడుగా నుండెను. మంద తోలలేని వయసు వచ్చినపిదప, వేసవి మేతకై గొర్రెలు దూరదేశములకు కదలిపోగా, ఊరిలో మిగిలిన ముసలివాని చేతిలో మిగిలినది ఆ కదురే.

ఒక మగ్గమునకు సరిపడు నూలు పెక్కు కదుళ్లనుండి రావలెను. పడుగును వీధిపొడవున చాచి గంజి పట్టించునాడు రెండువైపులను మనుష్యులు నిలువవలెను. కావున కురుబవాడలో సయితము, మోకుకు వలెనే, పనియే మనుష్యులను పిలిచి కూర్చెను. చిన్ననాడు నేను చూచిన ఒక దృశ్యము చెప్పెదను. బీరప్పగుడి ముందర నలుగురైదుగురు వృద్ధులు వరుసగా గోడకు చేరగిలి వడుకుచుండిరి. ఎవరును ఎవరి ముఖమును చూచుట లేదు. అందరి చూపును కదురుమీదనే. ఆ చూపులు కదురు విడువకుండగనే, ఒకాయన తన కొడుకు చేసిన అప్పు సంగతి చెప్పుచుండెను. ఎదురెదురుగా కూర్చుండి అడిగినచో చచ్చినను చెప్పడు. దారము తెగినచోట మాట ఆగెడిది, అతికినపిదప మరల సాగెడిది. మగవాని దుఃఖము నోటివెంట వచ్చుటకు ముందు చేతికి పని కావలె నని ఆనాడు నాకు తెలియలేదు. ఏండ్లు గడచినపిదప, ఖాళీచేతులతో కూర్చుండిన ముసలివాండ్ర మౌనమును చూచి తెలిసికొంటిని.

ఇంత చెప్పి ఇంకొక మాట చెప్పకుండుట న్యాయము కాదు. ఆ కట్ట అందరిదియు కాదు. కపిలకు తోలు పదునుచేసి సంచి కుట్టి యిచ్చిన మాదిగవాడు, తాను కుట్టిన సంచికి కట్టు మోకును పేనుచున్న కట్టమీద కూర్చుండుటకు అర్హుడు కాకపోయెను. అతని వార్ధకము మరియొక చెట్టునీడను, మరియొక వాడలో గడచినది. పని మాత్రము ఒక్కటే. స్త్రీల ముచ్చట చెప్పనే యక్కరలేదు. వారికి విరామమే లేనప్పుడు విరామస్థల మెక్కడిది? ముఠాకక్షలు రేగిన యూళ్లలో కట్ట రెండుగా చీలి, తూర్పుకట్టవారు పడమటికట్టమీద మరి పాదము మోపకుండుటయు ఈ సీమ చరిత్రలోనిదే. పూర్వము సర్వము మంగళమని నేను వ్రాయుట లేదు.

ధాత కరువు ఈ యమరికను మొదటిమారు వేళ్లతో పెకలించినది. ధాతనామ సంవత్సరమున, అనగా 1876లో, వానలు తప్పగా మొదలై 1878 వరకు దక్షిణాపథమును కాల్చివేసిన ఆ క్షామములో బళ్లారి మండలము మిక్కిలి నలిగినది. అనంతపురము అప్పటికి అందులోని భాగమే, ప్రత్యేక జిల్లాగా ఏర్పడుట 1882లో. ఎద్దులు చచ్చినచోట పగ్గము లెవరికి? గొర్రెలు చచ్చినచోట ఉన్ని యెక్కడిది? పనిముట్టును, పనియు, పని కోరువాడును ఒక్కపెట్టున పోయిరి. క్షామనివారణకు ప్రభుత్వము చెరువుకట్టలమీద, దారులమీద పనులు పెట్టి, దేహశక్తి గలవారిని అచ్చటికి పంపి, పనిచేయలేని వారికి ఉచితముగా గ్రాసమిచ్చు పద్ధతి నవలంబించినది. 1880 నాటి క్షామ కమిషను పిదప వచ్చిన క్షామ నిబంధనలలో ఈ విభాగము స్థిరపడినది. మన్ను మోయగలవాడు శక్తుడు, మోయలేనివాడు అశక్తుడు. ఆ జాబితా వ్రాసినవాని ఉద్దేశము దయయే యని నేను నమ్ముదును. ఎందరి ప్రాణములో నిలిచినవి. అయినను ఆ రెండు గడులనడుమ, మన్ను మోయలేడు గాని మోకు పేనగలడు అను మూడవ గడి లేకపోయెను. గ్రామమున కెన్నడును అక్కరకు రాని అశక్తుడను పేరు వృద్ధునకు మొదట కాగితముమీద వచ్చినది, ఆ తరువాతనే ఊరిలోనికి ప్రవేశించినది.

ఆ కరువు తరువాత కట్టలు మరల నిండినవి. వానిని సంపూర్ణముగా ఖాళీచేసినది కరువు కాదు, సౌకర్యము. 1960 తరువాత విద్యుత్తు పల్లెలు చేరి బావులకు మోటార్లు వచ్చినవి, కపిల అటకెక్కినది, దానితోడ మోకును, కపిలపాటయు. ఇనుపనాగలి, ఇనుపగొర్రు, పిమ్మట ట్రాక్టరు వచ్చి వడ్రంగి కొట్టమును, కొలిమిని నిరుద్యోగము చేసినవి. సంతలో నైలాను తాడు మూర లెక్కన దొరకసాగినది. అది ఊరవేయనక్కరలేదు, కుళ్లదు, ముగ్గురిని పిలువనక్కరలేదు. వేరుశనగ ఈ జిల్లాను లక్షల హెక్టార్ల మేర ఆక్రమించిన కాలమున మాత్రము కొన్నాళ్లు ఒక క్రొత్త కూడిక ఏర్పడెను: విత్తుటకు ముందు ఇంటింట పంచలో కాయలు పోసికొని, ముసలివారు పిల్లలతో కూడి, బొటనవ్రేలితో నొక్కి విత్తనము ఒలుచుచుండిరి. పప్పు పగులరాదు, పైపొర చెడరాదు. యంత్రముకంటె ముసలివ్రేళ్లు నమ్మదగినవని నానుడి. ఒలిచిన విత్తనమే సంచులలో రాజొచ్చినపిదప అదియు ముగిసెను.

సరిగా ఈ కూడికలు ఇచ్చట అంతరించుచున్న దశాబ్దములలోనే, భూగోళపు ఆవలి పార్శ్వమున ఒక దేశమువారు వానిని క్రొత్తగా కనుగొనుట విధివైచిత్రి. ఆస్ట్రేలియాలో ఇంటి పెరటిలోని రేకులకొట్టము మగవాని చేతిపనికి నెలవు. ఉద్యోగము ముగిసి, చిన్నయిండ్లకు మారి, ఆ కొట్టమును కోల్పోయిన వృద్ధులు దిగులుతో క్రుంగుట చూచి, 1993లో దక్షిణ ఆస్ట్రేలియాలోని గూల్వా పట్టణమునను, 1998లో విక్టోరియా రాష్ట్రములోని టోంగాలాలోను ఊరుమ్మడి కొట్టములు నెలకొల్పిరి. రంపములు, చిత్రికలు, ఒక టీ కెటిలు. విరిగిన కుర్చీలు బాగుచేయుట, బడిపిల్లలకు బొమ్మలు చేయుట. మగవారు ముఖాముఖి గాక ప్రక్కప్రక్కనుండి పనిచేయుచు మాటలాడుకొందు రనునది వారి సిద్ధాంతము. బీరప్పగుడి గోడ నాకు నేర్పిన పాఠమే. 2007లో వారి దేశవ్యాప్తసంఘ మేర్పడెను. 2010లో ఆ ప్రభుత్వము ప్రకటించిన పురుషారోగ్య విధానమున, మెన్స్ షెడ్లు అనబడు ఈ కొట్టములకు స్థానము దొరకినది. 2011లో ఐర్లండును, 2013లో బ్రిటనును తమ తమ సంఘములు పెట్టుకొనినవి. నేడు ఒక్క ఆస్ట్రేలియాలోనే వేయికి మించిన షెడ్లున్నవి. మనకు ఊరక లభించి ఊరక పోయినదానిని వారు చందాలు వేసికొని కట్టుకొనిరి. అయితే ఒక భేదము. వారి కొట్టము ఆరోగ్యముకొరకు పనిని కల్పించినది. మన కట్ట పనికొరకు పుట్టి, ఆరోగ్యమును తెలియకయే ఇచ్చినది. అందుచేతనే పని పోగానే మన కట్టకు నిలుచుటకు మరియొక కారణము లేకపోయెను.

అయినను ఇట్టి కూడిక మన సీమలో పూర్తిగా పోలేదు. ధర్మవరము దాపున, 2022నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నిమ్మలకుంట యున్నది. మరాఠదేశమునుండి వచ్చి ఈ సీమలో స్థిరపడిన తోలుబొమ్మలాటగాండ్రు అచ్చట నివసింతురు. రాత్రి తెల్లవార్లు రంగనాథరామాయణపు ద్విపద పాడి, రాముని, రావణుని, నడుమనడుమ బంగారక్కను, జుట్టుపోలిగాని ఆడించిన ఆ కంఠములకు సినిమాయు టెలివిజనును ప్రేక్షకులను లేకుండ జేసినపిదప, వారు మేకతోలును గీకి పలుచబరచి, ఉలితో రంధ్రములు పొడిచి, రంగులద్ది, దీపములకు గొడుగులను, గోడలకు బొమ్మలను చేయసాగిరి. ఆటకు గొంతు కావలెను, వయసు కావలెను. ఈ పనికి గీత తెలిసిన చేయి చాలును. తాత రూపురేఖ గీయగా తక్కిన యింటివారందరును దానిని పూర్తిచేయుదురు. ఆ యూరివాడైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినప్పుడు ఆయన వృద్ధుడు. బిరుదుకంటె, ఆ వయసున ఆయన గీతకై తోలు పట్టుకొని వేచియున్నవారు ఇంటిలో నుండుట నాకు గొప్పగా తోచినది. ధర్మవరపు పట్టుమగ్గముల యిండ్లలోను, గుంటలో కూర్చుండి నేయలేని పెద్దవాడు కండెలు చుట్టుచు కనబడును. చేనేతవానికి 50 ఏండ్లకే పింఛను ఇచ్చుచున్న ప్రభుత్వము, మగ్గము ఆ దేహమును ఎంత త్వరగా అరగదీయునో గుర్తించినట్లే.

పింఛనును తక్కువచేసి మాటలాడువాడు ఆకలి నెరుగనివాడు. 1995 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము వృద్ధాప్యపు పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. 2024 జులై నుండి ఆంధ్రప్రదేశమున 4,000 రూపాయలు. కొడుకు బెంగుళూరిలో కట్టడపు పనిలోనో కాపలాపనిలోనో యుండగా, ఇంటిలో ఒంటిగా మిగిలిన తండ్రికి ఆ పైకము బియ్యము, మందుబిళ్ల, మనుమనికి పండుగచొక్కా. పూర్వము దానికై నెలకొకమారు ముసలివారందరు పంచాయతీ కచేరి ముందర గుమిగూడి, విసుగుకొని, పోట్లాడుకొని, బీడీలు పంచుకొని పోయెడివారు. 2020 ఫిబ్రవరినుండి అది గడపయొద్దకే వచ్చుచున్నది. కాళ్లు లేనివానికి అది వరము. ఆ గుమి లేకపోవుట నష్టమని పైకి అన్నచో నవ్వుదురు గనుక ఎవరును అనరు.

గత సంవత్సరము శింగనమల ప్రాంతమున ఒక పల్లెలో కట్టమీద ఒక వృద్ధుని చూచితిని. యూరియా గోతములను చింపి, ఆ తెల్లని ప్లాస్టికు పోగులను పురులుగా చుట్టి, బర్రెకు తాడు పేనుచుండెను. నైలాను తాడు కొనవచ్చును గదా యంటిని. కొన్నతాడు బర్రె మెడను కోయునని అతని సమాధానము. నిజమో కాదో నే నెరుగను. పురులు సిద్ధమైనపిదప అటునిటు చూచి, బడి విడిచి పోవుచున్న ఒక బాలుని పిలిచి, “ఓ నాయనా, ఈ కొస రోంతసేపు పట్టుకో రా” అనెను. బాలుడు చేతిలోని ఫోనును జేబున వేసికొని కొస పట్టుకొనెను. నేను కట్టదిగి రెండవ కొస అందుకొనబోగా, నా చొక్కాను, నా చేతులను ఒకమారు పరికించి, అతడు దానిని వేపచెట్టు మొదటికి కట్టెను.